గోడకు పడిన చిల్లు

1982 అక్టోబరులో లెనిన్‌గ్రాడ్‌లోని వాసిలెవ్‌స్కీ ద్వీపంలో, కిరోవ్ సాంస్కృతిక భవనంలో ఒక చిత్రప్రదర్శనకు ఏర్పాట్లు జరుగుతున్నాయి. ప్రభుత్వ గుర్తింపు లేని చిత్రకారులు అధికారుల గుమ్మాలు ఎక్కి దిగి సంపాదించుకున్న ప్రదర్శన అది. చిత్రాలు తగిలించేందుకు నిలబెట్టిన తాత్కాలిక గోడల్లో ఒకదానికి నలుచదరపు చిల్లు ఒకటి ఉంది. ఇరవై నాలుగేళ్ల తిమూర్ నోవికోవ్, అతని మిత్రుడు ఇవాన్ సోత్నికోవ్ ఆ చిల్లును చూశారు, దానిలోంచి తలలు పెట్టి ఫొటోలు దిగారు. తరువాత దాని పక్కన ఒక చీటీ అంటించారు. కృతి పేరు ‘సున్నా వస్తువు’, కర్తలు తామిద్దరూ.

ఆ చీటీ నిర్వాహకులకు మింగుడుపడలేదు. దానిని అక్కడ ఉండనివ్వలేదు. కుర్రకారు వదిలిపెట్టలేదు. సోవియట్ కార్యాలయాల భాషను అచ్చంగా దింపుతూ విన్నపాలు, ఫిర్యాదులు, వివరణ పత్రాలు రాశారు. లేని వస్తువు చుట్టూ ఉన్న కాగితాలతో ఒక ఫైలు తయారైంది. 1915 డిసెంబరులో ఇదే నగరంలో, నదెఝ్దా దొబీచినా నడిపిన ప్రైవేటు కళా కార్యాలయంలో మలేవిచ్ తన నల్ల చదరాన్ని తొలిసారి తగిలించిన ప్రదర్శన పేరులోనూ సున్నా ఉంది. తెలిసినవారికి ఆ వరుస అర్థమయ్యే ఉంటుంది.

ఇంతకీ ఆ చీటీకి అడ్డుపడిన నిర్వాహకులు ఎవరు? పార్టీ కార్యదర్శులు కారు. ఏళ్ల తరబడి అదే పార్టీ చేతుల్లో అవమానాలు పడిన అనధికార చిత్రకారులే. ఆ మరునాటి కథలో నోవికోవ్ ఎందుకు ఎవరి ప్రదర్శన కోసమూ ఎదురుచూడకుండా తన గదినే గ్యాలరీగా మార్చుకున్నాడో తెలియాలంటే ముందు ఈ మెలిక అర్థం కావాలి.

సోవియట్ దేశంలో బొమ్మ గీయడం నేరం కాదు. దానిని నలుగురికీ చూపించడమే చిక్కు. 1932 ఏప్రిల్ 23న పార్టీ కేంద్ర కమిటీ ఒక తీర్మానంతో అప్పటివరకూ ఉన్న సాహిత్య, కళా సంఘాలన్నిటినీ రద్దుచేసింది. వాటి స్థానంలో ఒక్కో రంగానికి ఒక్కో సంఘం ఏర్పడింది. చిత్రకారుల సంఘంలో సభ్యత్వం ఉంటే స్టూడియో దొరుకుతుంది, రంగులూ కాన్వాసూ దొరుకుతాయి, ప్రభుత్వ ఆర్డర్లు దొరుకుతాయి. అది లేనివాడు చట్టం దృష్టిలో చిత్రకారుడే కాడు. ఉద్యోగం చూపించలేకపోతే పరాన్నభుక్కుల చట్టం మెడకు చుట్టుకుంటుంది. 1964లో కవి జోసెఫ్ బ్రాడ్‌స్కీకి అయిదేళ్ల ప్రవాస శిక్ష పడింది ఆ చట్టం కిందే. అందుకే ఆ తరపు కవులూ గాయకులూ చిత్రకారులూ బాయిలరు గదుల్లో బొగ్గు వేసే పనికీ, రాత్రి కాపలాకీ కుదిరారు. జీతం చిన్నది, పాస్‌పుస్తకంలో ముద్ర మాత్రం పెద్దది.

ఇక ప్రదర్శన. ముందు స్థలం కావాలి, స్థలాలన్నీ ప్రభుత్వానివే. తరువాత ఎంపిక సంఘం చూడాలి, నగర సాంస్కృతిక శాఖ చూడాలి. ఆహ్వాన పత్రమో జాబితానో అచ్చు వేయాలంటే సెన్సారు కార్యాలయమైన గ్లావ్‌లిత్ ముద్ర కావాలి. ఈ మెట్లలో ఎక్కడా ‘నిషేధం’ అన్న మాట ఉండదు. అనుమతి రాలేదు, అంతే. నిషేధానికి కనీసం ఒక తేదీ, ఒక సంతకం ఉంటాయి. రాని అనుమతికి అవి కూడా ఉండవు.

ఈ యంత్రాంగం బయటికి గట్టిగా కనిపించిన సందర్భాలు రెండు. 1962 డిసెంబరు 1న మాస్కో మనేజ్ హాలులో నికితా క్రుశ్చేవ్ కొత్త తరహా చిత్రాల ముందు నిలబడి చిత్రకారుల మీద తిట్లు కురిపించాడు. 1974 సెప్టెంబరు 15న మాస్కో శివారు బెల్యాయెవోలో ఆస్కర్ రాబిన్ నాయకత్వంలో కొందరు చిత్రకారులు ఖాళీ మైదానంలో ప్రదర్శన పెట్టబోతే, ప్రభుత్వం బుల్డోజర్లనూ నీళ్ల ట్యాంకర్లనూ పంపింది. విదేశీ విలేకరులు కూడా దెబ్బలు తిన్నారు. ప్రపంచ పత్రికల్లో పరువు పోయాక, రెండు వారాలు తిరక్కుండానే సెప్టెంబరు 29న ఇజ్మాయిలోవో పార్కులో కొన్ని గంటలపాటు ప్రదర్శనకు ఒప్పుకుంది. రాబిన్ పౌరసత్వాన్ని మాత్రం 1978లో, ఆయన పారిస్‌లో ఉండగా, రద్దు చేసింది.

మనేజ్ తిట్ల తరువాత ఏడాది కూడా నిండకముందే, 1963 అక్టోబరులో, ఢిల్లీ రవీంద్ర భవన్‌లో జె. స్వామినాథన్ బృందం ‘గ్రూప్ 1890’ పేరుతో తిరుగుబాటు ప్రదర్శన పెట్టింది. ఆనాటి అధికారిక అభిరుచిని తోసిపుచ్చిన ఆ ప్రదర్శనను ప్రారంభించింది సాక్షాత్తూ ప్రధాని నెహ్రూ. మన గణతంత్రాన్ని పొగడటానికి ఈ ముచ్చట కాదు. తరువాతి దశాబ్దాల్లో ఇక్కడి ప్రదర్శనశాలల మీద ఎవరెవరు దాడిచేశారో, ఎవరు ప్రేక్షకులయ్యారో పాఠకులకు తెలుసు. రెండు రాజ్యాలు కళ ముందు నిలబడిన తీరులో ఆనాటికి ఉన్న దూరం ఎంతో చెప్పడానికే.

మాస్కో బుల్డోజర్ల పుణ్యమా అని లెనిన్‌గ్రాడ్‌లోనూ కొంచెం తలుపు తెరుచుకుంది. 1974 డిసెంబరు 22 నుంచి నాలుగు రోజులు గాజా సాంస్కృతిక భవనంలో అనధికార చిత్రకారుల ప్రదర్శన జరిగింది. ఎముకలు కొరికే చలిలో జనం బారులు తీరారు. మరుసటి సెప్టెంబరులో నెవ్‌స్కీ సాంస్కృతిక భవనంలో ఇంకొకటి. ఆపై మళ్లీ తలుపు మూసుకుంది. 1980ల మొదట్లో చిత్రకారులంతా కలిసి ‘ప్రయోగాత్మక చిత్రకళా సహకార సంఘం’ అని ఒకటి పెట్టుకుని అధికారులతో బేరం మొదలుపెట్టారు. బేరంలో షరతు ఏమిటంటే, ప్రదర్శనకు ముందు అధికారులు వచ్చి చూస్తారు, కొన్ని తీసెయ్యమంటారు. రెండు బొమ్మలు పోతే పోయాయి, రెండు వందలు నిలుస్తాయి కదా అన్నది సంఘం లెక్క. ఆ లెక్కను తేలిగ్గా తీసిపారేయడం అన్యాయం. ఎనిమిదేళ్లు గోడ దొరకనివాడికి గోడ విలువ తెలుస్తుంది. కానీ అదే లెక్క, చిల్లు పక్కన అంటించిన చీటీ దగ్గరికి వచ్చేసరికి, బాధితుడి చేతనే కాపలావాడి పని చేయించింది. అధికారి ఏమంటాడో అన్న భయం అధికారి కంటే ముందే హాలులోకి వచ్చి కూర్చుంది.

నోవికోవ్ 1958 సెప్టెంబరు 24న లెనిన్‌గ్రాడ్‌లో పుట్టాడు. పెంచింది తల్లి. బాల్యంలో కొన్నేళ్లు ఆర్కిటిక్ సముద్రంలోని నోవయా జెమ్ల్యా దీవుల్లో గడిచాయి. మంచు, ఆకాశం, మధ్యలో ఒక గీత తప్ప మరేమీ లేని చోటు. 1970ల చివర్లో ‘లెతొపీస్’ అనే అనధికార చిత్రకారుల బృందంలో చేరాడు. 1982లో సోత్నికోవ్, ఒలెగ్ కొతెల్నికోవ్ తదితరులతో ‘కొత్త చిత్రకారులు’ అనే బృందాన్ని కట్టాడు. అదే ఏడాది తన నివాసంలో ‘అస్సా’ గ్యాలరీ తెరిచాడు.

నివాసమంటే ఉమ్మడి ఫ్లాట్. ఒక్కో కుటుంబానికి ఒక్కో గది, అందరికీ కలిపి ఒకే వంటగది, ఒకే స్నానాల గది. మాస్కోలో అచ్చయి మనకు చేరిన ‘ప్రగతి’, ‘రాదుగ’ తెలుగు పుస్తకాల్లో ఈ ఇళ్లు అక్కడక్కడ తారసపడతాయి గాని, వాటిలో గ్యాలరీలు మాత్రం కనిపించవు. వోయినోవ్ వీధిలోని ఆ భవనం మరమ్మతుకని ఖాళీ అవుతోంది. ఇరుగుపొరుగువారు వెళ్లిపోయిన కొద్దీ గదులు మిగిలాయి. నోవికోవ్ వాటిలోకి విస్తరించాడు. టికెట్టు లేదు, అమ్మకం లేదు, రిజిస్ట్రేషను లేదు. కాబట్టి రద్దు చేయడానికి కూడా ఏమీ లేదు. చట్టప్రకారం అది ఒక కుర్రవాడి ఇల్లు. స్నేహితులు వచ్చారు, గోడలకు బొమ్మలున్నాయి.

అదే వీధి లితేయ్‌నీ రాజమార్గాన్ని కలిసే చోట ‘పెద్ద ఇల్లు’ అని ఊరంతా గొంతు తగ్గించి పిలిచే కేజీబీ కార్యాలయ భవనం ఉంది. గ్యాలరీకి దాని పొరుగు.

అస్సాలో ప్రదర్శనలే కాదు, ఫ్యాషన్ ప్రదర్శనలు జరిగాయి, సినిమాలు చూపించారు, నాటకాలు ఆడారు. ఇస్త్రీపెట్టెలను బల్లకు తీగలతో వేలాడదీసి చేసిన ‘ఉత్యుగోన్’ అనే వాద్యాన్ని నోవికోవ్ బృందం తయారుచేసింది. పియానో విద్వాంసుడు సెర్గేయ్ కుర్యోఖిన్ తన కచేరీల్లోకి చిత్రకారులను తీసుకువెళ్లాడు. ‘కినో’ బృందం గాయకుడు విక్టర్ త్సోయ్ బొమ్మలు వేశాడు, డ్రమ్మర్ గెయోర్గీ గుర్యానోవ్ చిత్రకారుడిగానే స్థిరపడ్డాడు. కాన్వాసు దొరకని చోట స్నానాల గది ప్లాస్టిక్ తెర మీద, గోడకాగితం మీద, బట్ట మీద వేశారు. సంఘం సభ్యత్వంతో వచ్చే సరుకు అక్కర్లేకుండా చేసుకోవడం వారికి శైలి అయిపోయింది. నోవికోవ్‌కు పేరు తెచ్చిన బట్ట చిత్రాలు అక్కడి నుంచే పుట్టాయి. రెండు రంగుల బట్టలను అడ్డంగా కలిపి కుట్టి, ఆ కుట్టునే దిగంతరేఖగా చేసి, దాని మీద చిన్న ఓడనో చెట్టునో సూర్యుణ్ణో అచ్చుగా వేసేవాడు. గోడంత బొమ్మ, మడిస్తే సంచిలో పడుతుంది. సోదా వచ్చినా, సరిహద్దు దాటాల్సి వచ్చినా, రైలెక్కాల్సి వచ్చినా చట్రం విప్పే బాధ లేదు.

విచిత్రమేమిటంటే అదే 1982 శరదృతువులో, మాస్కోలో, మరొక చిత్రకారుడు ఇదే పని చేశాడు. నికితా అలెక్సేయెవ్ 1953లో పుట్టినవాడు, 1976లో మొదలైన ‘సామూహిక చర్యలు’ బృందం స్థాపకుల్లో ఒకడు. వావిలోవ్ వీధిలోని తన ఒంటిగది ఫ్లాట్‌లో ఆయన ‘ఆప్ట్‌ఆర్ట్’ గ్యాలరీ తెరిచాడు. అపార్ట్‌మెంటు, ఆర్ట్ కలిపి కట్టిన వెటకారపు పేరు. నేల నుంచి పైకప్పు దాకా ఖాళీ లేకుండా బొమ్మలు, రాతలు, వస్తువులు నింపారు. ‘ముఖొమోర్’ కుర్రాళ్లు, వదీమ్ జఖారోవ్, విక్టర్ స్కెర్సిస్, నటాలియా అబలకోవా, అనతోలీ ఝిగలోవ్ అందులో పాల్గొన్నారు. ఫొటోలు పారిస్‌లో ఇగోర్ షెల్కోవ్‌స్కీ నడిపే ‘ఆ–యా’ పత్రికకు చేరాయి. అలెక్సేయెవ్ అదే గదిలో పడుకునేవాడు, తినేవాడు. సందర్శకుడు గ్యాలరీకి వచ్చినట్టా, చుట్టపుచూపుగా వచ్చినట్టా అన్నది తేలని స్థితి.

మాస్కోలో రాజ్యం ఊరుకోలేదు. 1983 ఫిబ్రవరిలో ఫ్లాటును సోదా చేసి కృతులను పట్టుకుపోయింది. ఆ ఏడాదే ప్రదర్శనలు బహిరంగ ప్రదేశాలకు, ఊరి బయట పొలాలకు మారాయి. 1984లో ముఖొమోర్ సభ్యులకు సైన్యంలో చేరమని పిలుపులొచ్చాయి. కన్‌స్తాంతిన్ జ్వెజ్దొచోతోవ్‌ను దేశం తూర్పు కొసన ఉన్న కమ్‌చాత్కాకు పంపారు. కేసు పెట్టనక్కరలేదు, శిక్ష వేయనక్కరలేదు, దేశసేవ చేయించారు. అలెక్సేయెవ్ 1987లో పారిస్ వెళ్లిపోయి, సోవియట్ దేశమే లేని 1993లో తిరిగొచ్చాడు.

లెనిన్‌గ్రాడ్ అస్సా మీద అలాంటి దెబ్బ ఎందుకు పడలేదు? సానుభూతిపరులు దీనిని నోవికోవ్ చాకచక్యంగా చెబుతారు. ఆయన చాకచక్యం నిజమే గాని, నగరంలో అధికారుల లెక్క కూడా వేరుగా ఉంది. 1981లో అక్కడ రాక్ క్లబ్బును కేజీబీ కనుసన్నల్లోనే తెరవనిచ్చారు. చెల్లాచెదురుగా ఉన్నవారి కంటే ఒకచోట చేరినవారి మీద నిఘా తేలిక. చిత్రకారుల సహకార సంఘాన్ని సహించడం కూడా ఆ విధానంలో భాగమే. అదీగాక విదేశీ దౌత్యవేత్తలు, విలేకరులు కిక్కిరిసిన మాస్కోలో ఫ్లాట్ గ్యాలరీ అంతర్జాతీయ వార్త. నెవా ఒడ్డున అది కుర్రచేష్ట. నోవికోవ్ కూడా అందుకు తగినట్టే నడిచాడు. ప్రకటనలు చేయలేదు, విన్నపాల మీద సంతకాలు సేకరించలేదు, తాను అసమ్మతివాదినని చెప్పుకోలేదు. 1986లో ‘మయకోవ్‌స్కీ మిత్రుల క్లబ్బు’ పెట్టారు. విప్లవకవి పేరు పెట్టుకున్న క్లబ్బును ఏ అధికారి కాదనగలడు?

మాస్కో వీరులు, లెనిన్‌గ్రాడ్ రాజీగాళ్లు అని తీర్పు చెప్పడం సులువు. అలాంటి తీర్పులు దెబ్బలు తిననివాళ్లే ఎక్కువగా చెబుతుంటారు. రెండు గదుల్లోనూ జరిగిన అసలు పని ఒక్కటే. ఎవరినీ అడగకుండా బొమ్మ గోడకెక్కింది. ఎక్కాక ఏమవుతుందన్నది తరువాతి సంగతి. ‘సహకార సంఘం’ చేయలేకపోయిన పని అదే. అది మంచి మనుషులు నడిపిన సంస్థ, అయినా దాని బలమంతా అనుమతి సంపాదించడంలోనే ఉంది. అనుమతి మీద బతికే సంస్థ చివరికి అనుమతికి పూచీ పడవలసి వస్తుంది. చిల్లు పక్కన చీటీ వంటి చిన్న అల్లరి కూడా దానికి ప్రాణాంతకంగా తోస్తుంది.

తరువాతి కథ త్వరగా నడిచింది. అమెరికా గాయని జోఆన్నా స్టింగ్‌రే ద్వారా ఆండీ వార్హోల్ సంతకం చేసిన సూప్ డబ్బాలు లెనిన్‌గ్రాడ్ కుర్రాళ్లకు అందాయి. 1987లో సెర్గేయ్ సొలొవ్యోవ్ ‘అస్సా’ పేరుతోనే సినిమా తీశాడు. నోవికోవ్ బృందం దానికి రంగులద్దింది. మార్పును కోరుతూ త్సోయ్ పాడే దృశ్యంతో ముగిసే ఆ సినిమా పెరిస్త్రోయికా తరానికి గుర్తుగా మిగిలింది. 1988 జులై 7న మాస్కోలో సథబీస్ సంస్థ వేలం పెట్టింది. నిన్నటిదాకా వంటగదుల్లో దాచిన బొమ్మలు పౌండ్ల లెక్కన పోయాయి. గోడలు ఇక ఎవరికైనా దొరుకుతాయి, అద్దె కట్టగలిగితే.

అందరూ పశ్చిమం వైపు పరుగెడుతున్న ఆ రోజుల్లో నోవికోవ్ ఎదురు తిరిగాడు. 1989లో ‘నూతన లలితకళా అకాడమీ’ స్థాపించాడు. గ్రీకు శిల్పాలు, పాత ఓపెరాలు, రాజుల ఉద్యానాలు, అందం. ఆధునిక కళ ప్రపంచ సంతలో సరుకైపోయిందనీ, సౌందర్యాన్ని కాపాడటమే ఇప్పటి తిరుగుబాటనీ ఆయన వాదం. పూష్కిన్‌స్కయా వీధి 10వ నంబరు భవనాన్ని చిత్రకారులు ఆక్రమించి కళాకేంద్రంగా మార్చుకున్నారు. అకాడమీకి, దాని మ్యూజియానికి అక్కడే చోటు దొరికింది. మొదట్లో దీనిని మరో కొంటె నాటకమనుకున్నవారు ఎక్కువ. చిల్లును కృతి అన్నవాడు అపోలోను మొక్కుతున్నాడంటే నవ్వకుండా ఎలా?

కానీ ఏళ్లు గడిచేకొద్దీ నవ్వు తగ్గింది, నిజాయతీ పెరిగింది, దానితోపాటు చీకటి కూడా. నోవికోవ్ సన్నిహితుడు కుర్యోఖిన్ 1995లో జాతీయ బోల్షివిక్ పార్టీలో చేరి, ఆ ఏడాది డ్యూమా ఎన్నికల్లో పీటర్స్‌బర్గ్ నుంచి పోటీచేసిన అలెక్సాందర్ దూగిన్ కోసం కచేరీ చేశాడు. దూగిన్ ఎవరో ఉక్రెయిన్ యుద్ధం తరువాత మన పాఠకులకు వివరించనక్కరలేదు. 1998 మే 23న, ఫ్లోరెన్స్‌లో సన్యాసి సవొనరోలాను ఉరితీసి కాల్చి 500 ఏళ్లయిన రోజున, నోవికోవ్, అంద్రేయ్ ఖ్లొబీస్తిన్ తదితరులు క్రోన్‌స్టాట్ కోటలో కళాకృతులను మంటల్లో వేశారు. తమ కృతులనే వేశారన్నది నిజం. సవొనరోలా పేరు మీద వేశారన్నదీ నిజమే. అద్దాలనూ చిత్రాలనూ పుస్తకాలనూ పాపమని కాల్పించిన మనిషి అతడు. ఇరవయ్యో శతాబ్దంలో రష్యా గడ్డ మీద, బుల్డోజర్లను చూసిన దేశంలో, స్వతంత్ర గ్యాలరీ స్థాపకుడు ఎంచుకున్న ప్రతీక అది.

ఆయన అభిమానులు ఈ ఘట్టాన్ని వ్యంగ్యమని దాటేస్తారు. అలా దాటేయడం ఆయన్ను తక్కువ చేయడమే. అప్పటికి నోవికోవ్ తమాషా చేసే స్థితిలో లేడు. 1997లో తీవ్రమైన జబ్బు చేసి చూపు పూర్తిగా పోయింది. చూపు పోయాక కూడా పాఠాలు చెప్పాడు, వెల్వెట్ మీద ఏ బొమ్మ ఎక్కడ కుట్టాలో సహచరులకు నోటితో చెప్పి చేయించాడు. 2002 మే 23న, నలభై మూడేళ్ల వయసులో చనిపోయాడు.

కాబట్టి అస్సా గ్యాలరీని ఉదారవాదపు గుడిగా నిలబెట్టాలనుకునేవారికి నోవికోవ్ చివరి పదేళ్లు ఇబ్బందికరం. ఇబ్బంది ఉండటమే మేలు. ఆ గదిని తెరిచినవాడి అభిప్రాయాలు మారాయి, కొన్ని దారితప్పాయి. ఆ గది విలువ వాటి మీద ఆధారపడిలేదు. అందులోంచి నవ్వులాటగాళ్లూ వచ్చారు, శ్మశాన దృశ్యాలతో సినిమాలు తీసిన యెవ్గేనీ యూఫిత్ వచ్చాడు, రాక్ గాయకులు వచ్చారు, ఆ చిల్లుకు సగం కర్త అయిన సోత్నికోవ్ తరువాత ఆర్థొడాక్స్ చర్చిలో పూజారి అయ్యాడు. ఒకే రాజకీయం ఉన్నవారు కారు. ఒక గోడ మాత్రం అందరికీ దొరికింది. స్వతంత్ర వేదికలను వాటి యజమానుల నేటి పార్టీని బట్టి వెనక్కి తిరిగి కొలిచే అలవాటు మన వద్ద బాగా ముదిరింది. ఆ కొలతతో చూస్తే ప్రపంచంలో ఏ చిన్న పత్రికా, ఏ నాటక సమాజమూ నిలవదు.

నోవికోవ్ మరణించిన ఇరవై ఏళ్లకు అదే నగరంలో మళ్లీ చీటీల గొడవ వచ్చింది. 2022 మార్చి చివరలో సాషా స్కొచిలెంకో అనే చిత్రకారిణి పీటర్స్‌బర్గ్‌లోని ఒక సూపర్‌మార్కెట్‌లో సరుకుల ధరల చీటీలు తీసి, వాటి స్థానంలో ఉక్రెయిన్‌లో జరుగుతున్న బాంబుదాడుల గురించి రాసిన చీటీలు పెట్టింది. గ్యాలరీ అక్కర్లేదు, గది కూడా అక్కర్లేదు, పప్పూ ఉప్పూ పెట్టే అర చాలు. కొత్త చట్టం సైన్యం గురించి తప్పుడు సమాచారం వ్యాప్తి చేయడాన్ని నేరం చేసింది. ఏప్రిల్‌లో ఆమెను అరెస్టు చేశారు. 2023 నవంబరు 16న కోర్టు ఏడేళ్ల జైలుశిక్ష విధించింది. 2024 ఆగస్టు 1న రష్యాకూ పాశ్చాత్య దేశాలకూ మధ్య జరిగిన ఖైదీల మార్పిడిలో ఆమె బయటపడి జర్మనీ చేరింది. ఆమె మార్చిన చీటీలు మొత్తం అయిదు.